పక్కన కూర్చుని చెప్పే పని

ఆ వీడియో గేమ్ రిమోట్ తలుచుకుంటే ఇప్పటికీ అరచేతులు కొంగుకేసి తుడుచుకోవాలనిపిస్తుంది. బూడిద రంగు ప్లాస్టిక్ ముక్క, దాని మీద రెండు ఎర్ర బొత్తాలు. మా బావ వేళ్ళకి అంటిన మిక్చర్ నూనె, తల నూనె, చెమట అన్నీ కలిసి ఆ బొత్తాల సందుల్లో నల్లగా పేరుకుని ఉండేవి. ఒకసారి పిన్నీసుతో ఆ మురికి గీకి తీశాను. తీసినదాన్ని చూశాక ఆ పూట నాకు అన్నం సహించలేదు. అంత రోత పుట్టించిన వస్తువు ఒక్కసారి నా చేతికొస్తే చాలని ఒక వేసవంతా దేబిరిస్తూ కూర్చున్నాను.

తొంభైలలో సంగతి. బందర్లో ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసేసి సెలవలకి అవనిగడ్డలో మావయ్య ఇంటికి వెళ్ళాను. మావయ్య మా అమ్మకి అన్న. వరి చేలు తవ్వించి రొయ్యల చెరువులు చేసుకున్నవాళ్ళలో ఆయనొకడు. ఆయన కొడుకు, అంటే మా బావ, నాకన్నా కాస్త పెద్ద. డిగ్రీలో చేరి కాలేజీకి తప్ప మిగతా అన్ని చోట్లకీ వెళ్తుండేవాడు. ఆ ఏడు చెరువులు బాగా పండాయని మావయ్య విజయవాడ నుంచి వీడియో గేమ్ తెచ్చి ఇచ్చాడు. నేను వెళ్ళేసరికి అది హాల్లో టీవీ ముందు వైర్లు పరుచుకుని, ఎవరూ తొక్కకుండా చుట్టూ పీటలు అడ్డం పెట్టుకుని కూర్చుంది.

దానికిచ్చిన క్యాసెట్ మీద వందల ఆటలున్నాయని అచ్చేసి ఉంది. పెట్టి చూస్తే పట్టుమని పది కూడా లేవు. ఒకే ఆటకి రకరకాల పేర్లు పెట్టి, ఒకదాంట్లో చొక్కా ఎర్రగా, ఇంకోదాంట్లో నీలంగా మార్చి లెక్క పెంచారు. ఆ మోసానికి మొదటి రోజే నాకు ఒళ్ళు మండింది. బావకి మాత్రం ఏమీ అనిపించలేదు. నీలం చొక్కా బావుందన్నాడు.

ఉన్నవాటిలో మా ప్రాణాలు తీసింది ఒక్కటే. దాని అసలు పేరు ఏ భాషలో ఉందో కూడా తెలియదు కాబట్టి మేము కోట ఆట అనేవాళ్ళం. తలకి గుడ్డ చుట్టుకుని, చేతిలో గొడ్డలి పట్టుకున్న బొటనవేలంత మనిషి. వాడు కోట ఎక్కాలి. ఎందుకెక్కాలో ఎవరూ చెప్పరు. గోతులు దూకాలి, గట్టు మీద నుంచి గట్టు మీదికి ఎగరాలి. సరిగ్గా గాల్లో ఉన్నప్పుడు గబ్బిలం వచ్చి ఛాతీకి తగులుతుంది. దెబ్బ పెద్దది కాదు, కానీ మనిషి ఒకడుగు వెనక్కి తుళ్ళుతాడు. ఆ ఒకడుగు వెనక గొయ్యి ఉంటుంది. ఉన్న ప్రాణాలన్నీ అలా గోతుల పాలయ్యాక మళ్ళీ కోట గుమ్మం దగ్గరికి తెచ్చి నిలబెడుతుంది. ఎంత పైకెక్కి పడినా సరే, మళ్ళీ అదే గుమ్మం. దాన్ని తయారుచేసినవాడెవడో గానీ వాడికి సాటి మనుషులంటే కసి. గొయ్యి ఒకచోట, గబ్బిలం ఒకచోట పెట్టి ఊరుకోలేదు. రెండూ ఒకచోటికే తెచ్చి, చూసి నవ్వుకుని ఉంటాడు.

అయినా దానికొక గుణం ఉంది. అది మాట తప్పదు. గబ్బిలం ఏ రోజు ఆడినా, ఎవరు ఆడినా, కోట గోడకున్న రెండో దీపం దాటగానే వస్తుంది. ముందు రాదు, వెనక రాదు. బందరు బస్సు ఎప్పుడొస్తుందో తెలియదు, ప్రశ్నాపత్రంలో ఏమొస్తుందో తెలియదు, మావయ్య చెరువులో రొయ్య రేపటికి బతికుంటుందో లేదో ఆయనకే తెలియదు. ఆ చుట్టుపక్కల అంత కచ్చితంగా మాట మీద నిలబడేది మరొకటి నాకు కనబడలేదు. ఛీ అనుకుంటూనే మళ్ళీ వెళ్ళి దాని ముందు కూర్చోవడానికి కారణం అదే. నేర్చుకుంటే లొంగుతుందన్న ఆశ పెట్టి మరీ తంతుంది.

మొదట్లో నిబంధన న్యాయంగానే పెట్టుకున్నాం. చచ్చినవాళ్ళు రిమోట్ పక్కవాళ్ళకివ్వాలి. నా వంతు వచ్చింది, మొదటి గబ్బిలానికే పడ్డాను. బావ నాకంటే కాస్త దూరం వెళ్ళి పడ్డాడు. మళ్ళీ నా వంతు, మళ్ళీ అదే గబ్బిలం. ఇంతలో కరెంటు పోయింది. ఆ ఎండల్లో కరెంటు ఎప్పుడుంటుందో, ఎప్పుడు పోతుందో చెప్పే నాథుడు లేడు. పోయిందంటే ఆట మొత్తం పోయినట్టే, ఎంతవరకు ఎక్కామో దానికి గుర్తుండదు. ఉన్న కాస్త కరెంటూ చేతకానివాళ్ళ మీద ఎందుకు తగలెయ్యడం అని బావ వాదన. అత్తయ్య కూడా వంటింట్లోంచే, వాడాడితే చూడ్డానికైనా బావుంటుందమ్మా అంది. అంతటితో నా వంతు పోయింది. నేను ఏడుపు మొహం పెడితే బావ ఒక మాటిచ్చాడు. ఒకసారి కోట పైదాకా వెళ్ళనీ, ఆ తర్వాత రిమోట్ నీదే అన్నాడు. నా చేతులతో నేను కోట ఎక్కాలి. ఆ వేసవిలో నాకు కావలసింది అదొక్కటే.

ఊరికే చూస్తూ కూర్చోవడం మొదలయ్యాక ఒక సంగతి బయటపడింది. బావకి వేళ్ళున్నాయి గానీ జ్ఞాపకం లేదు. నిన్న ఏ గోతిలో పడ్డాడో ఇవాళా అందులోనే పడేవాడు, పడి ఆశ్చర్యపోయేవాడు కూడా. నాకేమో ఒకసారి చూసింది మనసులోంచి పోదు. ఏ దీపం దగ్గర ఏమొస్తుంది, ఏ గట్టు కాలు పెట్టగానే కూలుతుంది, ఏ మెట్టు మీద కూర్చుంటే బాణం తల మీంచి పోతుంది, అన్నీ నోటికొచ్చేశాయి. నోరూరుకోక ఒకరోజు చెప్పాను. ఆగు, ఇప్పుడు దూకు, వెనక్కి రా, కూర్చో, కొట్టు. బావ ఆ రోజు అంతకుముందెప్పుడూ వెళ్ళనంత పైకి వెళ్ళాడు.

అప్పటినుంచి అదే నా పనైంది. బావ బాసింపట్టు వేసుకుని కూర్చుంటే నేను మిక్చర్ ప్లేటు పట్టుకుని పక్కన పీట మీద కూర్చుని చెప్తుండేదాన్ని. బాగా దూకితే బావ తనని తనే మెచ్చుకునేవాడు. పడితే మాత్రం నావైపు తిరిగి చూసేవాడు, ముందే చెప్పొద్దూ అని. ఒకరోజు విసుగొచ్చి మాట్లాడకుండా కూర్చున్నాను. రెండో దీపం దగ్గరే పడ్డాడు.

"ఏవే, నోరు పడిపోయిందా? చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది?" అన్నాడు.

తెలియనివాడి చేతిలో రిమోటేమిటి, తెలిసినదాని చేతిలో ఈ మిక్చర్ ప్లేటేమిటి అని అరవాలనిపించింది. అరిస్తే పక్కన కూర్చోవడం కూడా పోతుంది. అందుకని మర్నాడు మళ్ళీ వెళ్ళి పీట వాల్చుకున్నాను. ఆ వేసవిలో బావ మీదా ఆట మీదా కలిగిన అసహ్యంకంటే, రోజూ అలా వెళ్ళి పీట వాల్చుకున్నందుకు నా మీద నాకు కలిగిందే ఎక్కువ.

సగం కోట ఎక్కేసరికల్లా ఇంట్లో కరెంటు పోయేది. ఉన్నప్పుడైనా, లో వోల్టేజీకి బొమ్మ ముడుచుకుపోయి గబ్బిలమేదో గొడ్డలేదో తెలిసేది కాదు. బావకి చెరువుల దగ్గర జనరేటరు గుర్తొచ్చింది. మావయ్యకి కరెంటంటే నమ్మకం లేదు. నీళ్ళలో గాలి చాలక పక్కవాళ్ళ చెరువులో రొయ్య చచ్చి తేలిపోయిన దగ్గర్నుంచి, మిట్టమధ్యాహ్నం అక్కర్లేదని ఎవరు చెప్పినా వినకుండా, కరెంటు పోవడం ఆలస్యం జనరేటరు వేసి చెరువులో నీళ్ళు చిలికి గాలి పట్టించే చక్రాలు తిప్పించేవాడు. షెడ్డులో ఆయన క్రికెట్ చూసుకునే చిన్న టీవీ ఉంది. అత్తయ్య రోజూ ఆయనకి మధ్యాహ్నం క్యారియర్ పంపేది. ఇక నుంచి మేమే తీసుకెళ్తామన్నాం. ముందు బుట్టలో క్యారియర్, దాని మీద గోనెసంచిలో చుట్టిన వీడియో గేమ్, వెనక నేను, అలా బావ సైకిల్ తొక్కేవాడు.

ఆ షెడ్డులోకి మళ్ళీ అడుగు పెట్టమంటే పెట్టను. ఒక పక్క రేకుల కప్పుదాకా మేత బస్తాలు. ఆ మేత వాసన జుట్టుకి పట్టిందంటే కుంకుడుకాయకి కూడా వదలదు. ఇంకో పక్క డీజిలు కంపు కొడుతూ జనరేటరు, మధ్యలో నులక మంచం మీద మావయ్య గురక. చిరిగిన బస్తాల చుట్టూ ముసిరిన ఈగలు అక్కణ్ణుంచి లేచి మా మూతుల మీద వాలేవి. చెయ్యి ఖాళీ లేదని బావ, మాట ఆపకూడదని నేను, వాటిని తోలుకునేవాళ్ళం కూడా కాదు.

అక్కడా ఒక మెలిక ఉంది. కరెంటు పోగానే మావయ్య జనరేటరు వేసి గోడకున్న చేంజోవర్ హ్యాండిల్ అటు తిప్పేవాడు, వచ్చాక ఇటు తిప్పేవాడు. తిప్పిన ప్రతిసారీ టీవీ ఒక్క క్షణం ఆరి మళ్ళీ వెలుగుతుంది. ఆ క్షణం చాలు, ఆట గుమ్మం దగ్గరికి పోవడానికి. కాబట్టి కరెంటు పోయి జనరేటరు అందుకున్నాక మొదలుపెట్టాలి, మళ్ళీ కరెంటు వచ్చేలోపు కోట ఎక్కెయ్యాలి. కరెంటు వచ్చిందీ లేనిదీ తెలియడానికి జనరేటరుకి కలపకుండా లైను మీదే గోడకి ఒక బల్బు వదిలేసి ఉండేది. దివిసీమంతా విసనకర్రలు ఊపుకుంటూ కరెంటు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తుంటే, మేమిద్దరం ఆ బల్బు వైపు చూస్తూ ఎప్పుడు పోతుందా అని, పోయాక రాకుండా ఉండాలని మొక్కుకునేవాళ్ళం. మా మొక్కులు ఫలించి ఎంతమంది పసిపిల్లలు ఉక్కకి ఏడ్చారో.

రోజూ ఏదో ఒకటి అడ్డొచ్చేది. ఒకరోజు కరెంటు వచ్చింది, ఒకరోజు బావ చేతికి చీమ కుట్టింది, ఒకరోజు మావయ్య నిద్రలేచి స్కోరు చూడాలన్నాడు. మధ్యలో ఎప్పుడో నేను ఆఖరిదాకా నేర్చేసుకున్నాను. కోట పైన మంటలు చిమ్మే పెద్ద తల ఒకటుంటుంది. పైన, పైన, పైన, ఆ తర్వాత కింద. కింద చిమ్మాక ఒకసారి కళ్ళు మూస్తుంది. మూసినప్పుడే కొట్టాలి. అది కనిపెట్టిన సాయంత్రం అత్తయ్య పక్కన వడియాలు ఎత్తుతూ కూడా నాలో నేను పైన, పైన అనుకుంటున్నాను.

సెలవలు అయిపోవస్తుండగా ఒక మబ్బు రోజు. పొద్దున్నే పోయిన కరెంటు మధ్యాహ్నమైనా రాలేదు. బావ చెయ్యి ఆ రోజు కుదురుగా ఉంది. నేను చెప్పినట్టల్లా దూకాడు, చెప్పినచోటల్లా కూర్చున్నాడు, మొదటిసారి ప్రాణాలు మిగుల్చుకుని పెద్ద తల దగ్గరికి వెళ్ళాడు. సగం కొట్టాడో లేదో, గోడ మీద బల్బు వెలిగింది. మావయ్య మంచం దిగి హ్యాండిల్ దగ్గరికి వెళ్ళాడు.

"నాన్నా, తిప్పకు. నీకు దణ్ణం పెడతా, తిప్పకు," అన్నాడు బావ తెర మీంచి చూపు తిప్పకుండా.

మావయ్య హ్యాండిల్ మీద చెయ్యి వేసి ఆగాడు. డీజిలు వృథా అవుతోందని ఆయన మొహంలో కనబడుతోంది. కానీ తెర మీద ఏదో జరుగుతోందని ఆయనకీ అర్థమైంది. నేను ఎటూ చూడలేదు. పైన, పైన, పైన, కింద, కొట్టు అని చెప్తూనే ఉన్నాను. నా గొంతు నాకే జనరేటరు చప్పుడులో కలిసిపోయి వినబడటం లేదు. పెద్ద తల పగిలిపోయింది.

పగిలాక వచ్చిందేమిటంటే, ఒక నీలం తెర, దాని మీద రెండు మబ్బులు, తప్పుల ఇంగ్లీషులో ఒక ముక్క. ఆ తర్వాత మన మనిషి మళ్ళీ కోట గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. అంత వేసవి, అన్ని ఈగలు, అంత కంపు భరించి ఎక్కినందుకు అది ఇచ్చింది ఆ రెండు మబ్బులు. నాకు ఉమ్మెయ్యాలనిపించింది.

బావ మాత్రం మేత బస్తాల మీదికెక్కి గెంతుతున్నాడు. మావయ్య హ్యాండిల్ తిప్పి, జనరేటరు ఆపి, వాడి వీపు మీద చరిచి గట్టివాడివిరా అన్నాడు. తర్వాత నావైపు తిరిగి ఎంతో ప్రేమగా చూశాడు.

"మా మేనకోడలు పక్కన కూర్చుంది, అందుకే కలిసొచ్చిందిరా. ఏమ్మా, ఎల్లుండి రొయ్య పడుతున్నాం. నువ్వొచ్చి గట్టు మీద కూర్చో. నాకూ కలిసొస్తుంది."

ఆయన ఎగతాళికనలేదు. అదే నాకు మరీ ఒళ్ళు మండించింది. అన్నన్ని రోజులుగా అదే షెడ్డులో నేను గొంతు చించుకుంటుంటే ఆయనకి వినబడింది ఆడపిల్ల పక్కన కూర్చోవడం మాత్రమే. బావ వైపు చూశాను, ఒక్క మాటైనా చెప్తాడేమోనని. అతను అప్పటికే సైకిలెక్కి, స్నేహితులకి చెప్పుకోవడానికి వెళ్ళిపోతున్నాడు. నేను క్యారియర్ పట్టుకుని మావయ్య స్కూటర్ మీద ఇంటికొచ్చాను.

మూడో నాడు నిజంగానే నన్ను తీసుకెళ్ళి చెరువు గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసి, అత్తయ్య కొత్త ఓణీ ఒకటి వేయించి కూర్చోబెట్టారు. పట్టుబడి అయినంతసేపూ లేవద్దన్నారు. వలలు లాగేవాళ్ళు బురదలో పీకల్లోతు దిగి లాగుతున్నారు, ఐసు పెట్టెలు మోసేవాళ్ళు మోస్తున్నారు. నేను ఏమీ చెయ్యకుండా గొడుగు కింద బొమ్మలా కూర్చుని నీచు వాసన పీలుస్తున్నాను. రొయ్య మంచి సైజుకొచ్చింది. అందరూ వచ్చి నా కాలు మంచిదన్నారు. ఈ కాలు మా ఇంటికే వస్తే ఎంత బావుంటుందో అని అత్తయ్య బావ వైపు చూసి నవ్వింది. ఏమీ చెయ్యనిదానికీ, అంతా చేసినదానికీ ఒకటే మెప్పు. ఆ మాట మనసులో అనుకున్నప్పుడు పుట్టిన వెగటు ఇప్పటికీ నాలో పోలేదు.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే హాల్లోకి వెళ్ళి చూశాను. పీటలు గోడకి చేరేసి ఉన్నాయి. టీవీ ముందు ఏమీ లేదు. నాగాయలంకలో స్నేహితుడికి ఇచ్చేశానని చెప్పాడు బావ.

"అయిపోయిందిగా. ఇంకెందుకే అది?" అన్నాడు.

మాటిచ్చిన సంగతి అతనికి నిజంగానే గుర్తులేదు. జ్ఞాపకం లేదని ముందే చెప్పాను కదా. నేనూ గుర్తుచెయ్యలేదు. మర్నాడు బస్సెక్కి బందరు వచ్చేశాను. ఆ తర్వాత రెండేళ్ళు ఏ సెలవలకి రమ్మన్నా పరీక్షలున్నాయని అబద్ధం చెప్పాను.

మా ఇద్దరి పెళ్ళిళ్ళూ వేరువేరు చోట్ల జరిగాయి, అందుకు ఇద్దరం సంతోషమే. మావయ్య చెరువులకి తెగులు తగిలింది. నా కాలు అప్పుడు బందర్లో ఉంది కాబట్టి ఆ పాపం నాది కాలేదు. బావ పామర్రులో కంప్యూటర్లు బిగించి అమ్మే షాపు పెట్టాడు. నేను గుడివాడలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే పనిలో చేరాను. బోర్డు పక్కన నిలబడి, ఇదొచ్చినప్పుడు ఇలా చెయ్యాలి, అదొచ్చినప్పుడు అలా చెయ్యాలి అని పిల్లలకి చెప్పడం. పరీక్ష వాళ్ళు రాస్తారు, ర్యాంకులు వాళ్ళకొస్తాయి. నా బతుక్కి ఏ పని రాసిపెట్టి ఉందో ఆ షెడ్డులోనే తెలిసి ఉండాల్సింది.

రెండువేల సంవత్సరం దాటాక మేమూ ఒక కంప్యూటర్ కొనుక్కున్నాం. బావే ఒక ఆదివారం పొద్దున వచ్చి బిగించాడు. కాస్త లావయ్యాడు, తల మీద జుట్టు పల్చబడింది. అంతా అయ్యాక సంచిలోంచి ఒక సీడీ తీసి, నీకోసం ఒకటి తెచ్చాను చూడు అన్నాడు. పాత వీడియో గేములన్నీ ఇప్పుడు కంప్యూటర్లో ఆడుకోవచ్చట. నొక్కగానే అదే గుమ్మం, అదే గొడ్డలి, తలకి అదే గుడ్డ. నా అరచేతులకి జిడ్డు అంటినట్టే అనిపించింది.

ఇందులో సుఖమేమిటంటే, ఎక్కడంటే అక్కడ ఆపి దాచుకోవచ్చన్నాడు బావ. పడితే గుమ్మం దాకా వెళ్ళక్కర్లేదు, పడబోయే ముందు క్షణానికి వెనక్కొచ్చి మళ్ళీ దూకొచ్చు. అలా అయితే ఎవరైనా కాఫీ తాగుతూ కోట ఎక్కెయ్యగలరు. వినగానే నాకు ఇంకో రకం రోత పుట్టింది. అంత కసితో కట్టినవాడి కసికైనా ఒక మర్యాద ఉంది, దీనికి అదీ లేదు.

బావ కుర్చీ లాక్కుని కీబోర్డు ముందు కూర్చోబోతూ, పక్క కుర్చీ నా కోసం జరిపాడు.

"మొన్న షాపులో ఆడితే రెండో దీపం దగ్గరే పోయానే. నువ్వు చెప్పకపోతే నాకు రాదు. అప్పుడూ అంతేగా. రా, కూర్చుని చెప్పు," అన్నాడు.

ఎన్నేళ్ళ తర్వాత వచ్చింది ఆ మాట. అంత తేలిగ్గా, కుర్చీ జరుపుకుంటూ అన్నాడు. వస్తే నా కోపం కరిగిపోతుందనుకున్నాను ఒకప్పుడు. ఏమీ కరగలేదు. నేను వెళ్ళి కీబోర్డు ముందు కుర్చీలో కూర్చున్నాను. బావ ఒక్క క్షణం నిలబడి, తర్వాత పక్క కుర్చీలో కూర్చున్నాడు.

కోట మొత్తం నాకు గుర్తుంది. ప్రతి దీపం, ప్రతి మెట్టు, పైన, పైన, పైన, కింద. మొదటి గట్టు దూకాను. రెండో దీపం దాటాను. గబ్బిలం వస్తుందని తెలుసు, ఎటునుంచి వస్తుందో తెలుసు, ఎప్పుడు నొక్కాలో తెలుసు. నా వేలు కదిలేసరికి అది ఛాతీకి తగిలింది. గోతిలో పడ్డాను. మళ్ళీ దూకాను, మళ్ళీ పడ్డాను. తలలో ఉన్నదేదీ వేళ్ళలోకి దిగలేదు. అరవాల్సిన గొంతు అరుస్తోంది, వినాల్సిన చేతులు ఎవరివో అయినట్టున్నాయి. నా చేతకానితనం నాకే రోత పుట్టించింది.

"ఆగి దూకు. అలా కాదే, ముందు ఆగు. లేదా ఇక్కడ దాచుకో, మళ్ళీ ఇక్కణ్ణుంచే..." బావ చెయ్యి కీబోర్డు మీదికి వస్తోంది.

"చెయ్యి తియ్యి బావా. చెప్పకు. పడనీ," అన్నాను.

నా గొంతులో ఏం వినబడిందో గానీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మా ఆయన రెండుసార్లు వచ్చి భోజనానికి పిలిచి వెళ్ళాడు. నేను పడుతూనే ఉన్నాను. రెండో దీపం దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ బావ నోరు తెరిచేవాడు, నేను చూసేసరికి మూసుకునేవాడు. అలా నోరు మూసుకుని పక్కన కూర్చోవడం ఎంత కష్టమో నాకంటే బాగా ఎవరికి తెలుసు. కాసేపటికి భరించలేక లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. కొంగుతో చేతులు తుడుచుకుని మళ్ళీ గుమ్మం దగ్గర నుంచి మొదలుపెట్టాను.